పులుపుకు లొంగని లోహం

తెలుగువారి వంటలో పులుపుకున్న స్థానాన్ని గమనించకుండా, స్టీలు గిన్నె ఇక్కడి వంటిళ్ళలో అంత గట్టిగా ఎందుకు పాతుకుపోయిందో వివరించడం కష్టం. చింతపండులోనూ మజ్జిగలోనూ ఉండే ఆమ్లాలు రాగితోనూ, రాగీ జింకూ కలిసిన ఇత్తడితోనూ చర్య జరుపుతాయి గనుక, ఆ పాత్రల్లో నిలవ ఉంచిన పులుసు చిలుమెక్కి వాంతులకు దారితీసేది. దానికి విరుగుడుగా గిన్నె లోపల వేయించే తగరపు పూతే కళాయి. పాత్రను శుభ్రంగా తోమి, కొలిమిపై కాల్చి, లోహపు మురికిని విడగొట్టే నవాసాగరం చల్లి, 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరిగే తగరాన్ని గుడ్డతో లోపలంతా పులిమేవారు. గరిటె రాపిడికీ తోముడికీ ఆ పూత అరిగిపోయేది కాబట్టి, తిత్తులతో వీధివీధికీ తిరిగే కళాయివారి కోసం గృహిణులు ఎదురుచూడవలసి వచ్చేది.

ఈ బెడదను తీర్చిన లోహం వంటింటి కోసం పుట్టింది కాదు. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హారీ బ్రేర్లీ, తుపాకి గొట్టాల అరుగుదలను తగ్గించే మార్గం వెతుకుతూ, సుమారు 13 శాతం క్రోమియం కలిపిన ఉక్కు ఆమ్లాలను తట్టుకుంటున్నదని గుర్తించాడు. దాదాపు అదే కాలంలో జర్మనీలోని క్రుప్ సంస్థ నికెల్ కూడా చేర్చిన రకాన్ని రూపొందించింది. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల నేటి మేలురకం గిన్నెలకు మూలం ఆ రెండవ రకమే. గాలిలోని ఆక్సిజన్‌తో క్రోమియం కలిసి ఏర్పరచే అతి పలుచని పొర, గీత పడినచోట తిరిగి తానే అల్లుకుంటుంది. అంటే ఈ ఉక్కు తన కళాయి తానే వేసుకుంటుంది. స్టీలు ప్రయోజనాల్లో ఇదే అన్నింటికన్నా పెద్దదని చెప్పాలి, ఎందుకంటే మెరుపూ మన్నికా ఇత్తడికీ ఉన్నాయి.

తమిళనాడులోని సేలం ఉక్కు కర్మాగారం 1980ల తొలినాళ్ళలో స్టెయిన్‌లెస్ రేకుల ఉత్పత్తి మొదలుపెట్టింది. క్రమంగా పెళ్ళిసారెలో బిందె మొదలు గ్లాసు వరకు స్టీలువే చేరి, వాటిపై పేర్లు చెక్కించడం ఆచారమైంది. శ్రీకాకుళం జిల్లా బుడితి, పశ్చిమ గోదావరి ప్రాంతపు అజ్జరం వంటి ఊళ్ళ ఇత్తడి పనివారికి ఈ మార్పు తెచ్చిన నష్టాన్ని చరిత్ర చిన్నదిగా చూడరాదు.

అయితే స్టీలుకు వేడిని సమంగా పంచే గుణం తక్కువ; రాగి దానికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది. పలుచని స్టీలు గిన్నెలో కూర అడుగంటడానికీ, అడుగున రాగి పూసిన పాత్రలు రావడానికీ కారణమిదే. హైదరాబాదులో బిర్యానీ దమ్ చేసే పెద్ద రాగి డేగిశాలు నేటికీ కనిపిస్తాయి, వాటికి కళాయి తప్పనిసరి.