సంస్కృతికి వికృతి

సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట్ పేరు చివర ఒక పొల్లు ఉంది. తెలుగు అజంత భాష అని బడిలో చదువుకున్నాం. పేట అంటేనే మన నోటికి మాట పూర్తయినట్టు ఉంటుంది. ఉర్దూ నోరు ఆ చివరి అచ్చును మింగేసి పేట్ అంది, దుకాణాల బోర్డులూ కార్పొరేషన్ కాగితాలూ దాన్నే ఖాయం చేశాయి. పేట అనే మాటను మనమూ కన్నడిగులూ తమిళులూ పంచుకున్నాం. ముందున్న రాంగోపాల్ దివాన్ బహద్దూర్ బిరుదున్న సేఠ్, మిల్లు యజమాని. గడియారం ఉన్న పాత పోలీస్ స్టేషన్ ఆయన కట్టించిందే. అది నిలబడ్డ మహాత్మాగాంధీ రోడ్డు ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్. అసలు సికింద్రాబాద్‌కే వాడుక పేరు లష్కర్, అంటే ఫారసీలో సైన్యం. 1806లో ఇంగ్లీషు దండు కోసం వెలిసిన ఊరు కదా, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది.

ఇలాంటి పేటలను కూడా పట్టుకుని చదివే శాస్త్రం ఒకటి ఇప్పుడు ప్రపంచంలో చాలా విశ్వవిద్యాలయాల్లో ఉంది. ఇంగ్లీషులో కల్చరల్ స్టడీస్, తెలుగులో సాంస్కృతిక అధ్యయనాలు. ఈ తెలుగు పేరులో రెండో మాటతో నాకు పేచీ లేదు. మొదటిదాని సంగతే కాస్త తేల్చుకోవాలి.

సంస్కృతి అంటే సమ్ చేరిన కృ ధాతువు. చక్కగా చేయడం, చేసినదాన్ని తీర్చిదిద్దడం. యజుర్వేదంలోనే కనబడే మాట. కానీ కల్చర్ అనే అర్థంలో దాన్ని మనం వాడుతున్నది ఎంతో కాలంగా కాదు. బెంగాలీలు మొదట కల్చర్‌ను కృష్టి అన్నారు. కృషి నుంచి వచ్చిన మాట, దున్నకం వాసన ఉన్న మాట. లాటిన్‌లో కల్చర్‌కు మూలమైన మాట కూడా నేలను సాగు చేయడమే కనుక అనువాదం తూచినట్టు సరిపోయింది. రవీంద్రుడి చెవికి మాత్రం అది మొరటుగా వినబడింది. 1922లో పారిస్‌లో భాషాశాస్త్రవేత్త సునీతికుమార్ చటర్జీ ఒక మరాఠీ మిత్రుడి నోట సంస్కృతి అన్న మాట విన్నాడు. తిరిగి వచ్చి చెబితే రవీంద్రుడు సంతోషంగా ఒప్పుకున్నాడు. రవీంద్రుడి చెవిని తప్పుపట్టే సాహసం నాకు లేదు. మాటకు అంటుకున్న మట్టి మాత్రం అక్కడే రాలిపోయింది.

తెలుగులో ఈ మాట చుట్టాలను చూడండి: సంస్కారం, సంస్కరణ, సంస్కర్త, సంస్కృతం. అన్నిటిలోనూ కింద ఏదో ముడిసరుకు ఉంటుంది, పైన దాన్ని సరిదిద్దే చెయ్యి ఉంటుంది. వైద్యుడు మూలికను సంస్కరిస్తాడు, వీరేశలింగం సంఘాన్ని సంస్కరించాడు, చివరికి కొడుకు తండ్రికి అంత్యసంస్కారం చేస్తాడు. 'వాడికి సంస్కారం లేదు' అన్నా, 'వాడికి కల్చర్ లేదురా' అన్నా తిట్టు ఒకటే. కల్చర్ పొలంలో పుట్టిన మాట, సంస్కృతి సానపట్టే చోట పుట్టిన మాట. సభల్లో అయితే సంస్కృతి ఒంటరిగా రాదు, సంప్రదాయాలను వెంటేసుకుని సంస్కృతీసంప్రదాయాలై వస్తుంది. వార్షికోత్సవం రోజు పిల్లలు మాత్రం 'కల్చరల్స్ ఎన్నింటికి సార్?' అని అడుగుతారు. వాళ్ళ లెక్కలో అది బహువచనం, సాయంత్రం ఆరుకు మొదలయ్యేది. నాకు పిల్లల నిర్వచనమే నచ్చుతుంది.

బడిలో ప్రకృతి–వికృతుల పట్టిక బట్టీ పట్టాం. ముఖం–మొగం, రాత్రి–రాతిరి, భోజనం–బోనం. ఆ పట్టికలో సంస్కృతికి జోడీ ఉండదు. జనం నోట నలిగిన మాటకే వికృతి ఉంటుంది, ఇది ఎవరి నోటా నలగలేదు. వ్యాకరణంలో వికృతి తిట్టు కాదు. మార్పు పొందిన రూపం, అంతే. వ్యాకరణం దాటి వీధిలోకి వచ్చాకే అది అసహ్యమైంది.

బోనాన్నే తీసుకోండి. భోజనం పంక్తిలో విస్తరి ముందు కూర్చుంది, బోనం వేపమండలు కట్టుకుని, పైన దీపం పెట్టుకుని ఆడవాళ్ళ తలకెక్కింది. రెండూ ఒకే మాట, బతుకులు వేరు. రాంగోపాల్‌పేట్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, జనరల్ బజార్‌లో ఉజ్జయినీ మహంకాళి గుడి ఉంది. 1813లో కలరా ప్రబలినప్పుడు, పటాలంతో ఉజ్జయిని వెళ్ళిన సురిటి అప్పయ్య అనే డోలీ మోసే మనిషి మొక్కుకుని, తిరిగొచ్చాక 1815లో అమ్మవారిని నిలిపాడని చెప్పుకుంటారు. దేవత మధ్యదేశం నుంచి, మొక్కు ఇంగ్లీషు పటాలంలో, పండుగ పేరు ఫారసీ లష్కర్ పక్కన తెలుగు వికృతితో కలిపి లష్కర్ బోనాలు. పోతురాజు ముందు మోగే తీన్మార్ ఉర్దూ మాట. మర్నాడు పచ్చికుండ మీద నిలబడి ఒకామె భవిష్యం చెబుతుంది, దాని పేరు రంగం. ఇందులో సానపట్టింది ఏదీ లేదు. అన్నీ వాడి వాడి అరిగిన అంచులే.

కల్చరల్ స్టడీస్ మొదలుపెట్టినవాళ్ళు వెతికిందీ ఈ అరుగుదలనే. వేల్స్‌లో రైల్వే సిగ్నల్‌మన్ కొడుకు రేమండ్ విలియమ్స్ 1958లోనే సంస్కృతి మామూలు విషయం అన్నాడు, 1976లో కీవర్డ్స్ అనే పుస్తకంలో కల్చర్‌లాంటి మాటల చరిత్ర తవ్వాడు. 1964లో బర్మింగ్‌హామ్‌లో రిచర్డ్ హోగార్ట్ పెట్టిన కేంద్రాన్ని తర్వాత నడిపిన స్టూవర్ట్ హాల్ జమైకాలో పుట్టినవాడు. కూలివాడి పాట, టీవీ వార్త, కుర్రాళ్ళ దుస్తులు, అన్నిటినీ కావ్యాలంత శ్రద్ధగా చదివారు. పాండిత్యం ముఖం చిట్లించిన ఆ సరుకును మన వ్యాకరణం భాషలో వికృతులు అనవచ్చు. కాబట్టి వాళ్ళ శాస్త్రానికి నేను పెట్టే తెలుగు పేరు వికృతుల అధ్యయనం. ఏ విశ్వవిద్యాలయమూ బోర్డు కట్టదు, తెలుసు.

మనవాళ్ళకు ఈ చూపు బర్మింగ్‌హామ్ నుంచే రాలేదు. 1949లో సురవరం ప్రతాపరెడ్డి కావ్యాల్లోంచి రాజులను పక్కకు జరిపి తిండీ బట్టా ఆటలూ జాతరలూ ఏరి పుస్తకం వేశాడు. దానికి ఆంధ్రుల సాంఘిక చరిత్ర అని పేరు పెట్టాడు, సాంస్కృతిక చరిత్ర అనలేదు. ఆ ఎంపికలో నాకు గొప్ప వివేకం కనబడుతుంది. సంఘం అంటే అందరూ, దానికి సానపట్టనక్కర్లేదు. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే. తర్వాత ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేశాడు. చిన్నయసూరి వ్యాకరణం గ్రామ్యమని గుమ్మం బయట నిలబెట్టిన మాటలు అలా డాక్టరేటు పుచ్చుకున్నాయి.

ఈ పని హైదరాబాద్‌లో ఆగిపోలేదు. స్త్రీల అధ్యయన కేంద్రం అన్వేషి 1985లో మొదలైంది. సూసీ తారూ, కె. లలిత భారతీయ స్త్రీల రచనలను రెండు సంపుటాలుగా తెచ్చారు. 2009లో ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి మీదా, లిసా మిచెల్ తెలుగు మాతృభాషగా ఎలా తయారైందన్నదాని మీదా పుస్తకాలు వేశారు. అన్నీ ఇంగ్లీషులోనే. మనల్ని లోకానికి వివరించాలంటే ఇంగ్లీషే అన్నది ఇక్కడ పాత అలవాటు: షికాగోకు ముందు వివేకానందుడు 1893 ఫిబ్రవరి 13న ఈ సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలోనే ఇంగ్లీషులో ఉపన్యసించాడు. ఆయన వెళ్ళింది పడమటికి, ఆయనకు అది న్యాయం. చిరంజీవి అభిమాన సంఘాల సంగతి పడమటికి మాత్రమే చెబితే ఎట్లా?

2014లో తెలంగాణ ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగ చేసింది. చేయవలసిందే. కానీ వికృతికి సంస్కృతి హోదా ఇవ్వగానే ఆపదలూ తోడొస్తాయి. ఏది అసలు తీన్మార్, ఏది సరైన బోనం అని తీర్పు చెప్పే సంస్కర్తలు బయలుదేరతారు. సంస్కృతి అన్న మాట రక్తంలోనే ఆ జబ్బు ఉంది.

ఆ జబ్బు సోకని పుస్తకం ఒకటి ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది. అది వ్యవసాయ పదాలది. రైతుల దగ్గరికి పోయి నాగలిలో ఏ ముక్కకు ఏ పేరో రాసుకున్న పుస్తకం. కల్చర్ సంస్కృతిగా మారినప్పుడు రాలిపోయిన మట్టి నాకు అక్కడ దొరికింది. ఇప్పుడు సాంస్కృతిక అధ్యయనాల్లో ఎం.ఏ., పిహెచ్.డి. చేస్తున్న పిల్లలకు నా విన్నపం ఒకటే. రాంగోపాల్‌పేట్ దాటగానే రాణీగంజ్. పైపులు, మోటార్లు, బేరింగులు అమ్మే ఆ దుకాణాల్లో సేఠ్‌కూ గుమాస్తాకూ హమాలీకీ మధ్య రోజూ తిరిగే మాటలకు ఇంకా పదకోశం లేదు. తెలుగు, దక్కనీ, మార్వాడీ, ఇంగ్లీషు ఒకదాన్నొకటి ఎట్లా అరగదీశాయో అక్కడ నిలబడి వినండి, రాసుకోండి. ఆ పుస్తకం తెలుగులో వేయండి.