ముందెవరు మెచ్చుకోవాలి? – ఈబే సంతలో మాటామన్ననల చరిత్ర

మొహమెరుగని మనిషికి సొమ్ము పంపి సరుకు కోసం ఎదురుచూడటం అంతర్జాలం తెచ్చిపెట్టిన అవస్థ కాదు. పదకొండో శతాబ్దంలో మఘ్రిబీ యూదు వర్తకులు సముద్రానికి ఆవలి రేవుల్లో ఉన్న తమ ప్రతినిధులకు సరుకు అప్పగించి, వారి నడవడి గురించి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకునేవారు. ఆ ఉత్తరాలు పాత కైరోలోని ఒక యూదు ప్రార్థనాలయపు కొట్టులో శతాబ్దాల తరబడి పడి ఉండి, పంతొమ్మిదో శతాబ్దం చివర పండితుల చేతికి వచ్చాయి. వాటి ఆధారంగా ఆర్థిక చరిత్రకారుడు అవ్నర్ గ్రైఫ్ చేసిన వాదన ప్రసిద్ధం. ఒకణ్ణి మోసగించిన ప్రతినిధికి ఆ వర్తక బృందంలో మరెవ్వరూ పని అప్పగించేవారు కారనీ, ఆ భయమే అతణ్ణి దారిలో ఉంచేదనీ ఆయన సిద్ధాంతం. దాన్ని కాదన్న చరిత్రకారులూ ఉన్నారు, ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. మనకు కావలసినది ఒక్కటే: ఆ ఉత్తరం రాసినవాడికీ అందుకున్నవాడికీ నడుమ ఒక భాష, ఒక మతం, తరచుగా బంధుత్వమూ ఉన్నాయి. అబద్ధం రాస్తే నిలదీసేవాళ్ళున్నారు.

1995 సెప్టెంబరులో, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, పియెర్ ఒమిడ్యార్ అనే ప్రోగ్రామరు ఆక్షన్ వెబ్ పేరిట తెరిచిన వేలంపాటల సంతలో ఇవేవీ లేవు. (1997లో దాని పేరు ఈబేగా మారింది.) అక్కడ మొదట అమ్ముడైన వస్తువు పనిచేయని లేజర్ పాయింటరు, దానికి వచ్చిన హెచ్చుపాట 14.83 డాలర్లు. కాబోయే భార్య పోగుచేసే మిఠాయి డబ్బీల కోసం ఆయన ఈ సంత పెట్టాడన్న ముచ్చట చాలాకాలం పత్రికల్లో తిరిగింది గాని, అది ప్రచారం కోసం అల్లినదని తర్వాత తేలింది. పాడైపోయిన వస్తువును పాడైపోయిందని చెప్పి మరీ అమ్మగలిగిన సంత అన్నదే నాకు అంతకన్నా మంచి కథగా తోస్తుంది.

ఆ రోజుల్లో పద్ధతి ఇది: పాట ముగిశాక అమ్మకందారూ హెచ్చుపాట పాడినవాడూ ఈమెయిళ్ళు రాసుకుంటారు. కొన్నవాడు చెక్కో మనీయార్డరో తపాలాలో పంపుతాడు. అది చేరి, సొమ్ము జమ అయ్యాక అమ్మినవాడు సరుకు పంపుతాడు. నడుమ రోజులు గడుస్తాయి, కొన్నిసార్లు వారాలూ గడుస్తాయి. ఆ నిరీక్షణలో పుట్టిన తగాదాలన్నీ ఒమిడ్యార్‌కే చేరేవి. మీలో మీరే తేల్చుకొమ్మని ఆయన ఇద్దరికీ తిరిగి రాసేవాడు. సంత పెరిగేకొద్దీ ఒక్కడే ధర్మాసనం మీద కూర్చోవడం అసాధ్యమైంది. 1996 ఫిబ్రవరి 26న ఆయన వాడుకరులందరికీ ఒక బహిరంగ లేఖ రాసి, ఫీడ్‌బ్యాక్ అనే ఏర్పాటును ప్రకటించాడు. మనుషులు చాలావరకు మంచివాళ్ళేనన్నది ఆ లేఖలోని విశ్వాసం. మంచి జరిగితే నలుగురిలో మెచ్చుకోండి, చెడు జరిగితే నలుగురిలోనే చెప్పండి, ఇతరులు మీపట్ల ఎలా ఉండాలనుకుంటారో మీరూ అలాగే ఉండండి – ఇదీ దాని సారాంశం. చట్టం కన్నా నీతిబోధకు దగ్గరగా ఉన్న లేఖ అది.

ఏర్పాటు చాలా సరళం. మెప్పుకు ఒక మార్కు కలుస్తుంది, తెగడ్తకు ఒకటి తగ్గుతుంది, తటస్థపు మాటకు ఏమీ ఉండదు. మొత్తం మైనస్ నాలుగుకు దిగజారినవాణ్ణి సంత నుంచి వెలివేసేవారు. పది మార్కులకు చేరితే పేరు పక్కన పసుపు నక్షత్రం. మార్కుతో పాటు రాసే వ్యాఖ్యకు అప్పట్లో 80 అక్షరాల స్థలం ఉండేది. మొదట్లో లావాదేవీ జరగకపోయినా ఎవరైనా ఎవరి గురించైనా రాయవచ్చు. దాంతో సలహా చెప్పినందుకు కృతజ్ఞతగా మెప్పు రాసినవాళ్ళూ, పాత పగ తీర్చుకోవడానికి తెగడ్త రాసినవాళ్ళూ తయారయ్యారు. కొన్నేళ్ళకు, బేరం జరిగితేనే మాట చెల్లుతుందన్న నియమం వచ్చింది.

అసలు మలుపు ఇక్కడినుంచే. మాటకు విలువ ఏర్పడగానే మాట అడ్డూ అదుపూ లేకుండా పెరిగింది. 'బాగుంది' అని ఊరుకుంటే ఏదో లోపం ఉందన్నట్టే లెక్క. అందుకని ఏ అనే అక్షరం రాసి దాని వెనక ప్లస్ గుర్తులు వరసగా పేర్చడం ఆచారమైంది. రెండు గుర్తులు పెడితే పిసినారితనం, ఆరో ఏడో పెడితే మర్యాద. పెళ్ళిళ్ళ చదివింపుల్లాగే ఇదీను, పక్కవాడు నూటపదహార్లు చదివించాక మనం యాభై ఇస్తే ఏం బాగుంటుంది? గొప్ప సరుకు, శరవేగంగా చేరింది, మళ్ళీ కొంటాను – ఈ మూడు ముక్కలూ మంత్రంలా లక్షల పేజీల మీద పరుచుకున్నాయి. మన పెద్దలు ముఖప్రీతి అన్నదానికి ఇంతకన్నా నమూనా దొరకదు.

ఆ ముఖప్రీతి వెనక ఉన్న చిక్కు ప్రశ్న ఏమిటంటే, ముందు ఎవరు రాయాలి?

కొన్నవాళ్ళ వాదన ఇది. నా ధర్మం డబ్బు చెల్లించడం, చెల్లించాను. నా వైపు నుంచి బేరం ముగిసింది. కాబట్టి నా సొమ్ము ముట్టిన రోజే నా గురించి మంచిమాట రాయడం అమ్మినవాడి విధి. సరుకు చేరాక దాని సంగతి నేను రాస్తాను. అమ్మినవాళ్ళు మరోలా అనేవారు. కొన్నవాడు డబ్బిచ్చినంత మాత్రాన బేరం ముగియదు. పెట్టె విప్పి చూసుకోవాలి, తృప్తి పడాలి, ఏదైనా తేడా ఉంటే పెడబొబ్బలు పెట్టకుండా మాతో మాట్లాడాలి. ఇవన్నీ సవ్యంగా జరిగాయని నాకు తెలిసేది అతడు రాసిన మాటవల్లనే. కాబట్టి ముందు అతడే రాయాలి.

తర్కంగా చూస్తే రెండూ నిలుస్తాయి. న్యాయంగా చూస్తే మొదటిదే నాకు సబబనిపిస్తుంది. ముందుగా సొమ్ము వదులుకుని నష్టానికి ఒడ్డుకున్నవాడు కొన్నవాడే, మాట విషయంలోనూ అతణ్ణే ముందుకు నెట్టడం ఏం న్యాయం? కాని ఆచరణలో చాలాచోట్ల రెండో వాదనే నెగ్గింది. కారణం తృప్తికి సంబంధించినది కాదు. ముందు రాసినవాడి చేతిలో ఆయుధం పోతుంది, తర్వాత రాసేవాడి చేతిలో మిగులుతుంది. "నువ్వు మెచ్చుకుంటే నేనూ మెచ్చుకుంటాను" అన్న ప్రకటనలో, నువ్వు తెగిడితే నేనూ తెగుడుతాను అన్న సగం దాగి ఉంది. విరిగిన పింగాణీ పాత్ర అందుకున్నవాడు నిజం రాస్తే, మర్నాడే అతడి పేరు కిందా ఎర్రగుర్తు పడేది, డబ్బు వేళకే చెల్లించినా సరే. అనుభవజ్ఞులు దీనికీ ఒక ఎత్తు కనిపెట్టారు. తెగడ్త రాయదలచినవాళ్ళు గడువు ముగిసే చివరి నిమిషం దాకా కాచుకుని, ఎదుటివాడికి బదులు రాసే వ్యవధి లేకుండా రాసి తప్పుకునేవారు. తెగడ్త రాస్తానని బెదిరించి అదనపు లాభం గుంజేవాళ్ళ కోసం ఈబే ప్రత్యేకంగా నిషేధపు నియమమే పెట్టవలసి వచ్చింది.

ఈ మర్యాదను అంకెల్లో కొలిచినవాళ్ళున్నారు. పాల్ రెస్నిక్, రిచర్డ్ జెక్‌హౌజర్ 1999 నాటి ఈబే లావాదేవీలను పరిశీలించారు. కొన్నవాళ్ళలో సగానికి పైగా ఫీడ్‌బ్యాక్ రాశారు, రాసినవాటిలో 99 శాతానికి పైగా మెప్పులే. బలవంతం ఏమీ లేకపోయినా సగంమంది శ్రమపడి రాయడం ఒక వింత, అందులో నూటికి ఒక్కరైనా అసంతృప్తి తెలపకపోవడం మరో వింత. ఇంత మెప్పులో నిజం పాలెంత? దెల్లరోకాస్, వుడ్ అనే ఇద్దరు 2008లో అచ్చయిన వ్యాసంలో, ఈబేలో జరిగిన అరుదైన నాణేల వేలంపాటలను తీసుకుని, ఎవరు ఎప్పుడు రాశారన్నదానితో పాటు ఎవరు రాయలేదన్నదీ లెక్కలోకి తెచ్చారు. వారి అంచనా ప్రకారం కొన్నవాళ్ళలో దాదాపు ఐదో వంతు మందికి ఎంతో కొంత అసంతృప్తి ఉంది. వారిలో ఎక్కువమంది తెగడ్త రాయలేదు, అసలేమీ రాయలేదు. అంటే ఈబే పుస్తకంలో అన్నిటికన్నా నిజమైన వ్యాఖ్యలు ఖాళీగా వదిలిన గళ్ళలో ఉన్నాయన్నమాట. చదవడం తెలిసినవాడు మార్కును చూసి ఊరుకోడు, ఎన్ని బేరాలకు ఎన్ని మాటలు పడ్డాయో చూస్తాడు. చిక్కేమిటంటే, ఆ రెండో అంకె సంతలో ఎవరికీ చూపించేవారు కాదు.

అలాగని ఆ మార్కులు ఉత్తవని కొట్టిపారేయలేము. రెస్నిక్ బృందమే 2006లో ప్రకటించిన మరో ప్రయోగంలో, పేరు మోసిన ఒక పాత పోస్టుకార్డుల వర్తకుడు ఒకే రకం కార్డులను కొన్ని తన సొంత పేరుతోనూ, కొన్ని కొత్తగా సృష్టించిన అనామక ఖాతాలతోనూ అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్ళు పాత పేరుకు 8.1 శాతం ఎక్కువ చెల్లించడానికి సిద్ధపడ్డారు. పేరుకు వెల ఉందని తెలిసినచోట పేరును కొనుక్కునేవాళ్ళూ పుడతారు. ఒక్క సెంటుకు ఈ-పుస్తకం అమ్మి, కొన్నవాడికీ తనకూ చెరో మెప్పు సంపాదించిపెట్టే వ్యాపారమొకటి కొన్నాళ్ళు జోరుగా సాగింది.

ఈబే వారు చేసిన మరమ్మతులను క్లుప్తంగా చెబుతాను. ఇద్దరూ ఒప్పుకుంటే పరస్పరం తెగడ్తలు ఉపసంహరించుకునే వీలు 2004లో కల్పించారు. ఫలితం విపరీతం. ముందు ఎదురుతెగడ్త రాసి, తర్వాత రాజీకి పిలిచి, రెండూ తుడిపేయించుకునే మార్గం అమ్మకందార్లకు దొరికింది. 2007లో అమ్మకందారుకు నాలుగు అంశాల మీద ఒకటి నుంచి ఐదు దాకా నక్షత్రాలిచ్చే పద్ధతి వచ్చింది. సరుకు వర్ణన, మాటతీరు, రవాణా వేగం, రవాణా రుసుము – ఇవీ ఆ అంశాలు. ఎవరెన్ని ఇచ్చారో తెలియదు, సగటు మాత్రమే కనిపిస్తుంది. 2008 జనవరిలో అసలు పిడుగు పడింది. ఇకమీదట అమ్మినవాళ్ళు కొన్నవాళ్ళను తెగడరాదు, మెచ్చుకోవాలి లేదా మౌనంగా ఉండాలి. ఫిబ్రవరి 18 నుంచి 25 దాకా అమ్మకందార్లు సంతను బహిష్కరించి నిరసన తెలిపారు. అయినా మే నెలలో నియమం అమలులోకి వచ్చింది, నేటికీ అదే అమలులో ఉంది. పాట పాడి డబ్బు ఎగ్గొట్టేవాడి గురించి తోటి వర్తకులను హెచ్చరించే దారి మూసుకుపోయిందన్నది వారి బాధ. అందులో న్యాయముంది. బెదిరింపు కూడా చోటు మార్చుకుందేగాని సంత విడిచిపోలేదు, సగం డబ్బు వెనక్కివ్వకపోతే తెగడ్త రాస్తాననే కొనుగోలుదార్లు బయలుదేరారు.

ఆ తెగడ్త భయం ఎంతదాకా పోయిందో ఒక ఉదంతం చెబుతుంది. 2013లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు వర్తక సంస్థ ఒకటి తన దగ్గర కొన్న మహిళ మీద కోర్టుకెక్కింది. పార్సిలు వచ్చినప్పుడు తపాలావారికి ఆమె అదనంగా 1.44 డాలర్లు చెల్లించుకోవలసి వచ్చింది. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి తెగడ్త మార్కు వేసింది. రాసినది అబద్ధమని ఆ సంస్థ కూడా అనలేకపోయింది. ఆమె పక్షాన న్యాయవాదులు నిలిచి, సంగతి పత్రికలకెక్కాక, సంస్థ అధిపతి క్షమాపణ చెప్పి దావా వెనక్కి తీసుకున్నాడు.

ఇంతకీ ఈ పేరు ఎవరి ఆస్తి? 1999లో అమెజాన్ కూడా వేలంపాటలు మొదలుపెట్టి, ఈబేలో సంపాదించిన మార్కులను తమ దగ్గరికి తెచ్చుకోవచ్చని వర్తకులను పిలిచింది. ఆ మార్కులు మావి అని ఈబే అభ్యంతరం చెప్పింది. అమెజాన్ ఆ వెసులుబాటు మానుకుంది. ఏళ్ళ తరబడి సకాలంలో పెట్టెలు కట్టి పంపినవాడి మంచితనం మీద అతడికే హక్కు లేదని తేలిన ఘట్టమది. నా దృష్టిలో 2008 నాటి నియమం కన్నా ఇదే పెద్ద అన్యాయం.

మన దేశానికి ఈ సంత 2000లో మొదలైన బాజీ డాట్ కామ్ రూపంలో వచ్చింది. 2004లో ఈబే దాన్ని కొనుక్కుని తన పేరు పెట్టింది. మార్కులూ నక్షత్రాలూ ఇక్కడా ఉన్నాయి గాని, వాటితో పాటు పైసాపే అనే ఏర్పాటు కూడా ఉండేది. అందులో కొన్నవాడి సొమ్ము నేరుగా అమ్మినవాడికి పోకుండా మధ్యవర్తి దగ్గర ఆగేది. 2010లో ఫ్లిప్‌కార్ట్ ఇంకో అడుగు ముందుకేసి, సరుకు గుమ్మంలోకి వచ్చాకే డబ్బు ఇమ్మంది. మనవాళ్ళు పరాయివాడి మాటను నమ్మడం కన్నా సొమ్మును గుప్పిట్లో పట్టుకోవడానికే మొగ్గారని నాకనిపిస్తుంది. దాన్ని తప్పుపట్టను. 2017లో ఈబే భారత విభాగం ఫ్లిప్‌కార్ట్ చేతికి పోయింది, 2018 ఆగస్టు 14న మూతపడింది.

ముందెవరు రాయాలన్న పాత చిక్కుకు విరుగుడు ఒకటుంది. ఇద్దరూ విడివిడిగా రాసి కవర్లు అంటించి ఇస్తే, రెండూ ఒకేసారి విప్పడం. బోల్టన్, గ్రైనర్, ఓకెన్‌ఫెల్స్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈబే కోసం దీన్ని పరిశీలించారు గాని, ఈబే నక్షత్రాల దారి పట్టింది. ఇళ్ళు అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీ మాత్రం 2014లో ఈ పద్ధతినే అందుకుంది. అక్కడ అతిథీ గృహస్థూ ఇద్దరూ రాసేదాకానో, 14 రోజుల గడువు తీరేదాకానో ఒకరి మాట ఒకరికి కనిపించదు. ఈబేలో అమ్మకందార్లు చాలాకాలంగా మెచ్చుకోలును యంత్రానికి అప్పగించారు. సొమ్ము ముట్టగానే ముందే రాసిపెట్టిన నాలుగు వాక్యాల్లో ఒకటి దానంతటదే వెళ్ళి పడుతుంది. ఇటీవలి ఏళ్ళలో రెండోవైపూ అదే ఏర్పాటు వచ్చింది. సరుకు వేళకు చేరి, తగాదా ఏదీ లేకుండా, కొన్నవాడు ఏమీ రాయకుండా ఊరుకుంటే, అతడి మౌనాన్ని మెప్పుగా లెక్కగట్టి ఈబేయే ఒక మంచిమాట రాసి పెడుతుంది.