దున్నని నేలపై హక్కు: బైగాల బేవార్ సేద్యం

మధ్యప్రదేశ్‌లోని మండ్లా, డిండోరి, బాలాఘాట్ జిల్లాల్లోనూ ఛత్తీస్‌గఢ్‌లోని కబీర్‌ధామ్ జిల్లాలోనూ మైకల్ కొండలను ఆనుకుని బైగా ఆదివాసులు నివసిస్తున్నారు. వీరి గురించి రాసినవారు తప్పక ప్రస్తావించే సంగతులు రెండు. ఒకటి స్త్రీల ఒంటినిండా ఉండే పచ్చబొట్లు, రెండోది నాగలి పట్టకపోవడం. పచ్చబొట్లు కళగా మన్ననలు అందుకున్నాయి. నాగలి పట్టకపోవడం మాత్రం వెనకబాటుతనం కింద జమపడింది. నిజానికి బైగా జీవితానికి ఆయువుపట్టు అక్కడే ఉంది. పాలకులకు అది అర్థం కాకపోవడం వల్లే వారి నేల వారికి దూరమైందని నా ప్రతిపాదన.

బైగాల గాథల్లో ఆదిపురుషుడు నంగా బైగా. నిలకడలేని భూమికి మేకులు దిగ్గొట్టి కదలకుండా చేసింది అతడే. రాజరికం గోండుకు దక్కింది, భూమాత బాగోగులు మాత్రం బైగా వంతుకు వచ్చాయి. తల్లి రొమ్మును నాగలితో చీల్చరాదన్న కట్టుబాటు ఈ గాథ నుంచే వచ్చింది. గోండులు నాగలితో సేద్యం చేస్తారు. అయినా వారి ఊళ్లలో భూదేవతకు పూజ చేసేది, పొలిమేర కట్టి రోగాన్నీ పులినీ ఆపేది బైగా పూజారే. విత్తుకు ముందు జరిగే బిద్రి పూజకు ఇంటింటి నుంచీ గింజలు తెచ్చి అతనికే అప్పగిస్తారు. అంటే నేలపై బైగా హక్కు దాన్ని కాచే బాధ్యత నుంచి పుట్టింది. ఆ హక్కుకు నాగటిచాలు సాక్ష్యం అక్కర్లేదు.

ఈ విశ్వాసానికి తగిన సేద్యమే బేవార్. కొండవాలున చెట్లు నరికి, మొదళ్లు వదిలేసి, కొమ్మలు ఎండాక వేసవి చివర తగలబెడతారు. తొలకరికి ముందు ఆ బూడిదలో అరికలు, సామలు, రాగులు, కంది, మరికొన్ని గింజలు కలిపి చల్లుతారు. ఒక పంట పోయినా మరొకటి అంబలికి మిగులుతుంది. రెండు మూడేళ్లు పండించి ఆ చోటు వదిలేస్తే మొదళ్లు చిగురించి అడవి మళ్లీ కమ్ముకుంటుంది. వాలు నేలను దున్నితే పైమట్టి వానకు కొట్టుకుపోతుంది. బేవార్‌లో ఆ బెడద తక్కువ. కొండరెడ్ల పోడు తెలిసిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్తగా తోచదు.

బ్రిటిష్ అటవీ శాఖకు మాత్రం ఇందులో కాలిపోతున్న కలపే కనిపించింది. బేవార్‌ను క్రమంగా నిషేధించి, 1890లో నాటి మండ్లా జిల్లాలో సుమారు 24 వేల ఎకరాలను బైగా చక్ పేరుతో కేటాయించి, బేవార్‌ను ఆ ఎల్లల్లోకి నెట్టారు. ఇది దయలా కనిపిస్తుంది గానీ, ఒకచోటు వదిలి మరోచోటికి సాగాల్సిన సేద్యానికి గిరి గీయడం దాని ఊపిరి తీయడమే. మానవ శాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1939లో వెలువరించిన ‘ది బైగా’లో బేవార్ నిషేధం వారి ఆహారాన్నే కాదు, దేవతల ముందు వారి పరువునూ దెబ్బతీసిందని వివరించాడు. వారికి రక్షిత ప్రాంతం కావాలన్న ఆయన వాదనపై తీవ్ర విమర్శలు వచ్చాయి. బైగాలను బయటి ప్రపంచానికి అందకుండా ఉంచాలన్న భాగం నాకూ సమ్మతం కాదు, కానీ బేవార్‌కు ఆయన ఇచ్చిన విలువ ఇప్పటికీ నిలుస్తుంది. స్వాతంత్ర్యం తర్వాతా పరిస్థితి మారలేదు. కాన్హా పులుల అభయారణ్యం కోసం బైగా, గోండు ఊళ్లు ఖాళీ అయ్యాయి.

2006 అటవీ హక్కుల చట్టం ఆదిమ తెగల ఆవాస హక్కును గుర్తించింది. దాని కింద దేశంలో తొలిసారిగా, 2015లో, డిండోరి జిల్లా బైగా చక్ గ్రామాలకు ఆ హక్కు దక్కింది. విడివిడి పట్టాలతో పోలిస్తే ఇది బైగాల ఆలోచనకు దగ్గరగా ఉంది, ఎందుకంటే సాగు చేసిన చెక్కనే కాక అడవినీ, పూజాస్థలాలనూ కలిపి వారి ఆవాసంగా చూస్తుంది. అదే జిల్లాకు చెందిన లహరీ బాయి అనే బైగా మహిళ తన చిన్న ఇంట్లో చిరుధాన్యాల విత్తనాలు భద్రపరిచి రైతులకు పంచుతోంది. బేవార్ పొలాల్లో కలిసి మొలిచే గింజలు ఆమె ఇంటి మట్టి గాదెల్లో మిగిలాయి. వాటిని వేసేందుకు కొండవాలును బైగాలకు వదలడం ఇప్పుడు అటవీ శాఖ చేయాల్సిన పని.