మోకాటి గుజ్జుకు ఎవరి నెత్తురు?

కోనసీమలో అరవై దాటిన ఆడవాళ్లని మోకాళ్ల సంగతి కదిపితే చాలు, "గుజ్జు అరిగిపోయిందండీ" అంటారు. ఏళ్ల తరబడి నడుం వంచి, పిక్కల్లోతు బురదలో వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఊడ్పులు ఊడ్చిన కాళ్లవి. రాజమండ్రి పుష్కర ఘాట్‌లో వాళ్లు మెట్లు దిగే తీరు చూడండి: పక్కకి తిరిగి, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి, ఓసారి ఊపిరి పీల్చుకుని మరీ దిగుతారు.

నిజానికి అది గుజ్జు కాదు. ఎముకల కొసల్ని అంటుకుని ఉండే కొద్ది మిల్లీమీటర్ల పొర, మృదులాస్థి. కొబ్బరి పలుకులా తెల్లగా, నున్నగా ఉంటుంది. దానికి నరాలు లేవు గనక తొలి అరుగుదల మనకి తెలియదు. రక్తనాళాలూ లేవు. అసలు చిక్కంతా అక్కడే. ఒంట్లో ఎక్కడ గాయమైనా మరమ్మతు సరంజామా మోసుకొచ్చేది నెత్తురే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినా నీటి కోసం ఎదురుచూసే శివారు చేల గోడు మనకి కొత్త కాదు. ఈ పొరదీ అదే గోడు.

ఈ సంగతి 1743లోనే విలియం హంటర్ లండన్‌లో రాసిపెట్టాడు: మృదులాస్థి ఒకసారి పాడైతే తిరిగి రాదని. ఆ తర్వాత రెండు శతాబ్దాలు దాటినా మన ఇళ్లలో వావిలాకు నీళ్ల కాపడం, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు కట్టు, అంతే. వాటిని తీసిపారేయను, నొప్పి కాస్త సర్దుకునేది. పొర మాత్రం మొలవలేదు. 1959లో ఇంగ్లండులో ప్రైడీ అనే శస్త్రవైద్యుడు ఎముకకే చిల్లులు పొడిచి నెత్తురుని పైకి రప్పించాడు. అతుకు పడింది గానీ అసలు సరుకు కాదు, నాసిరకం పీచు. 1994లో స్వీడన్ వైద్యులు రోగి మృదులాస్థి కణాల్నే బయట పెంచి మళ్లీ నాటారు. నారు పోసి ఊడ్చినట్టే!

ఈలోగా మరో దారి నెత్తురులోనే దొరికింది. 1882లో ఇటలీలో బిజోజెరో ప్లేట్‌లెట్ల పని పసిగట్టాడు. డెంగీ పుణ్యమా అని ఇవాళ ఆ మాట తెలియని ఊరు లేదు. నెత్తురు గడ్డకట్టించడంతో వాటి పని అయిపోదు, కణాలు పెరిగే సంకేతాల్నీ అవి విడుదల చేస్తాయని 1970లలో తేలింది. మనిషి నెత్తురు తీసి యంత్రంలో గిరగిరా తిప్పితే ఎరుపు అడుగుకి దిగుతుంది, పైన పసుప్పచ్చటి తేట నిలుస్తుంది. ప్లేట్‌లెట్లు దండిగా ఉన్న ఆ తేటే పీఆర్‌పీ. 1998లో మార్క్స్ అనే వైద్యుడు దాన్ని దవడ ఎముక అతుకులకి వాడాక, మోకాళ్ల మీదికీ వచ్చింది.

తర్వాతి మెట్టు దాత నెత్తురు. ముసలివాళ్ల, ప్లేట్‌లెట్లు తక్కువున్నవాళ్ల సొంత తేటకి బదులు, ఆరోగ్యవంతుల తేటని పరీక్షించి, మోతాదు సరిచూసి, నిలవ చేసి వాడదామన్న ఆలోచన. వినడానికి బాగుంది. కానీ ఇతరుల నెత్తురంటే గ్రూపు కలవాలి; హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పవు.

ఫలితమో? సొంత నెత్తురు సంగతే 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద చూశారు. ఏడాది తర్వాత పీఆర్‌పీకీ ఉప్పునీటి సూదికీ నొప్పిలో గానీ, మృదులాస్థి తరుగుదలలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. సొంతదే తేలకపోతే దాతది తేలిపోయిందని ఎలా నమ్మాలి?

మనవాడి ఊసు చెప్పకుండా ఈ కథ ముగించలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలని నడిపాడు. అక్కడ రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్ మొదట కేన్సర్‌కి, తర్వాత కీళ్లవాతానికి మందయింది. ఈ కీళ్లవాతం ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద తిరగబడే జబ్బు, అరుగుదల వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టి సూది పొడిచేవాళ్లున్నారు, జాగ్రత్త.

దాత నెత్తురుతో గుజ్జు మొలిపిస్తామని ఎవరైనా అంటే, అరెకరం అమ్మేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఆ నెత్తురు ఏ లైసెన్సున్న బ్లడ్ బ్యాంకుది? ఆరు నెలల తర్వాత తీసిన ఎంఆర్‌ఐ చూపిస్తారా?