అతిథిగా వస్తే సరే, కాపురానికి వస్తేనే చిక్కు

మా పెద్దవాడు ఏడేళ్ళు జర్మనీలో ఉద్యోగం చేసి, 2016లో సకుటుంబంగా అమెరికాకు తరలివెళ్ళాడు. వంటపాత్రలు, పుస్తకాలు, పిల్ల ఉయ్యాల, చివరకు మా ఆవిడ పట్టుబట్టి ఇక్కడినుండి పంపిన చిన్న రోలు సైతం ఓడ ఎక్కాయి. కారు ఒక్కటే ఎక్కలేదు. 2011లో కొత్తగా కొన్న కారు అది. ఆ యేడే మనవరాలు పుడితే తల్లీబిడ్డలను ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చింది అందులోనే. విచారించగా, అమెరికా నిబంధనలకు తగినట్లు దానిని మార్పించే ఖర్చు కారు వెలనే మించిపోతుందని తేలింది. అయినకాడికి అమ్మి విమానం ఎక్కారు. ఐదేళ్ళ మనవరాలు ఫోనులో, "తాతయ్యా, మా అందరికీ వీసా ఇచ్చారు, కారుకు ఇవ్వలేదు" అని ఏడ్చింది.

పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతికినవాడిని, నాకు కారు నడపడం కూడా రాదు. అయినా ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. తీరిక ఉన్న ప్రాణం గనుక ఆ నిబంధనల పూర్వచరిత్ర చదువుతూ వచ్చాను. మిత్రులారా, తెలిసినంతవరకు మీ ముందు పెడుతున్నాను.

ముందుగా ఒక భేదం గుర్తించాలి. చుట్టపుచూపుగా వచ్చిన కారుకు ఏ దేశమూ అంతగా అడ్డు చెప్పదు. 1949లో జెనీవాలో కుదిరిన రహదారి ఒడంబడిక ప్రకారం, సభ్యదేశాల కార్లు ఒకదాని రోడ్లపై మరొకటి తిరగవచ్చు. అయితే ఏడాదికి మించి ఆగిన వాహనానికి ఆ మర్యాద చేయనక్కరలేదని కూడా అందులోనే వ్రాసుకున్నారు. అమెరికా సైతం, అక్కడ నివాసం లేని వ్యక్తి సొంత వాడకానికి తెచ్చుకున్న కారును ఒక్క సంవత్సరం ఉండనిచ్చి, తిరిగి తీసుకుపొమ్మంటుంది. అతిథికి ఆచారాలు అడగం, కాపురానికి వచ్చినవారిని అడుగుతాం. కారు విషయంలోనూ అంతే.

అసలు ఆచారాలు ఎక్కడ వేరుపడ్డాయి? హెడ్‌లైటు ఒక్కటి చూస్తే చాలు. కుడివైపు నడిచే దేశంలో దీపపు కాంతి కుడి అంచుకు కొంచెం ఎత్తుగా, ఎదురు వచ్చేవారి వైపు దిగువగా పడాలి. ఎడమవైపు నడిచే మన దేశంలో ఇది తలక్రిందులు. అక్కడి దీపం ఇక్కడ వెలిగిస్తే ఎదుటివాని కళ్ళలో పడుతుంది. 1958లో ఐరోపా దేశాలు జెనీవాలో కూడి, ఒకరు పరీక్షించి ఆమోదించిన భాగాన్ని తక్కినవారూ ఒప్పుకోవాలని ఒడంబడిక చేసుకున్నప్పుడు, దాని క్రింద వెలువడిన మొట్టమొదటి నిబంధన హెడ్‌లైట్లను గురించినదే. అమెరికా ఆ ఒడంబడికలో చేరలేదు. ఆ దేశం 1940నుండి బల్బు, అద్దం, ప్రతిఫలకం ఒకే ముద్దగా మూసివేసిన దీపాన్నే పట్టుకొని 1983దాకా మరొకదానిని అనుమతించలేదు. రెండూ దీపాలే, రెండూ దారి చూపేవే. కాని ఒక ఖండంలో శాస్త్రోక్తమైనది రెండవ ఖండంలో అపచారమైంది.

1966లో అమెరికా కేంద్రప్రభుత్వం వాహన భద్రతా చట్టం తెచ్చింది. అంతకు ముందటి యేడు రాల్ఫ్ నాడర్ కార్ల ప్రమాదాలపై వ్రాసిన పుస్తకం పెద్ద సంచలనం కలిగించింది. 1968 జనవరి 1నుండి అక్కడ అమ్మే కార్లన్నీ ఆ ప్రమాణాలకు లోబడి ఉండవలసి వచ్చింది. బయటినుండి తెచ్చుకునేవారికి మాత్రం ఒక దారి ఉండేది. కస్టమ్స్‌కు హామీపత్రం వ్రాసి, కారును విడిపించుకొని, గడువులోగా మార్పులు చేయించి చూపించడం. దీపాలు మార్చాలి, ప్రక్కన సూచకదీపాలు పెట్టాలి, తలుపులలో ఇనుప దూలాలు బిగించాలి, బంపర్లను గట్టిపరచాలి, వేగం మైళ్ళలో చూపే మీటరు అమర్చాలి. సంస్కృతంలోని రామశబ్దం తెలుగులోకి వచ్చినప్పుడు 'డు' చేర్చుకొని రాముడైనట్లు, కారు కూడా అక్కడి ప్రత్యయాలు తగిలించుకుంటే ఆ దేశపుది అయ్యేది. ఖర్చే గాని, గృహస్థుకు అసాధ్యం కాదు.

ఈ దారిని మూసివేసింది భద్రతా చింత ఒక్కటే కాదు, డాలరు విలువ కూడా. 1980లో డాలరుకు సుమారు 1.8 జర్మన్ మార్కులు వచ్చేవి. 1985 ఫిబ్రవరి నాటికి 3.4 దాటి వచ్చాయి. మెర్సిడెస్ కారును జర్మనీలో కొని, ఓడలో తెచ్చి, మార్పులు చేయించినా అమెరికా డీలరు ధరకంటె తక్కువే పడేది. పైగా 500 ఎస్ఈఎల్ వంటి పెద్ద ఇంజిను కార్లు ఐరోపాలో 1980నుండే దొరుకుతున్నా, అమెరికా దుకాణాలకు 1984దాకా రాలేదు. దాంతో దారి సంతగా మారింది. ఒక్క 1985లోనే ఇలా వచ్చిన కార్లు 60 వేలు దాటాయి. మార్పులు చేసే దుకాణాలు వెలిశాయి. కొందరు నిజాయితీగా చేశారు. కొందరు తలుపు విప్పకుండానే దూలం బిగించినట్లు కాగితం వ్రాశారన్న ఆరోపణలు వచ్చాయి. వ్యాపారం దెబ్బతిన్న మెర్సిడెస్ అమెరికా శాఖ, దాని డీలర్లు చట్టం మార్చాలని గట్టిగా పైరవీ చేశారు.

1988లో కొత్త చట్టం వచ్చింది, 1990 జనవరి 31నుండి అమలైంది. ఇకమీదట కారు తెచ్చే బాధ్యత యజమానిది కాదు, ప్రభుత్వంవద్ద నమోదైన దిగుమతిదారుది. ఆ నమూనాను మార్చడం సాధ్యమేనని భద్రతా శాఖ ముందుగా నిర్ణయించాలి. అమెరికాలో అమ్మిన నమూనాకు దగ్గరి జ్ఞాతి ఐతే నయం, కాకపోతే రుజువులకే ఆస్తి కరగాలి. పాతికేళ్ళు నిండిన కారుకు మాత్రం ఈ భద్రతా ప్రమాణాల బంధం లేదు.

ఇక్కడ నా మనసులోని మాట చెబుతాను. చట్టం అమలయ్యే నాటికి ఆ వరద దానంతట అదే తీసింది. 1985 సెప్టెంబరు తరువాత డాలరు దిగజారి, వ్యాపారికి లాభం ఆవిరైపోయింది. కాని వ్యాపారి కోసం వేసిన తలుపు గృహస్థుకూ పడింది. దొంగ కాగితాలను అరికట్టడం సబబే, ఆ దూలం లేని తలుపు ప్రక్కన కూర్చునేది ఎవరి బిడ్డో గదా! ఐతే ప్రాణరక్షణే ఏకైక ధ్యేయమైతే, 1989లో తయారై, స్టీరింగు కుడివైపున ఉండే జపాను నిస్సాన్ స్కైలైన్ 2014లో సగౌరవంగా అమెరికాలో అడుగుపెట్టి, దానికంటె ఎన్నో రెట్లు భద్రమైన మావాడి కారు ఒడ్డునే ఆగిపోవడం ఏమి న్యాయం? పాతిక యేళ్ళ కారు కొత్త కారు అమ్మకానికి పోటీ కాదు. ఆ మినహాయింపులో నాకు కనబడుతున్న తాత్పర్యం అది.

మన ఇల్లు మాత్రం తక్కువదా? విదేశాలనుండి తిరిగివచ్చే మన తెలుగువారు కారును సామానుతో కలిపి తెచ్చుకోలేరు. వాడిన కారు సామాన్యంగా మూడేళ్ళకు మించకూడదు, స్టీరింగు కుడివైపు ఉండాలి, దీపాలు ఎడమవైపు నడకకు తగినవై ఉండాలి, ముంబాయి రేవుగుండానే రావాలి. అమెరికాలో ముదుసలికి దారి సులువు, మన దగ్గర పసివాడికే ప్రవేశం. అదే 1988లో మన పార్లమెంటు చేసిన మోటారు వాహనాల చట్టపు 52వ సెక్షను ఆధారంగా, తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఇదంతా మొన్న మనవరాలికి ఫోనులో చెప్పాను. ఇప్పుడు తెలివి వచ్చిన పిల్ల, ఓపికగా విన్నది. "ఐతే తాతయ్యా, మన కారుకు పాతికేళ్ళు 2036లో నిండుతాయి" అన్నది. "నీకూ అప్పుడే నిండుతాయమ్మా" అన్నాను. అమ్మిన కారు ఈపాటికి ఎవరి చేతిలో ఉన్నదో, అసలు ఉన్నదో లేదో. ఆ మాట మాత్రం పిల్లతో అనలేదు.