మేత ఆగదు, పారుడు ఆగదు

ఆవు మేత మానదు, జ్వరమూ ఉండదు. అయినా పారుడు ఆగదు. పాలు తగ్గిపోతాయి, నెలలు గడిచేసరికి ఎముకలు తేలిపోతాయి. 1895లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ ప్రాంతంలో ఇలా చిక్కిన ఓ ఆవు పేగును డ్రెస్డెన్‌లో శాస్త్రవేత్తలు హైన్రిష్ యోనె, లాంగ్డన్ ఫ్రాథింగ్‌హామ్ పరీక్షించారు. ముడతలు పడి మందమెక్కిన ఆ పేగు గోడలో క్షయ క్రిముల్లాంటివి కనిపించాయి. పక్షుల క్షయ ఆవుకు సోకిందనుకున్నారు. ఇది వేరే జబ్బని 1906లో డెన్మార్క్‌కు చెందిన బెర్న్‌హార్డ్ బాంగ్ తేల్చాడు. యోనె పేరు మీదనే దీన్ని జోనీస్ వ్యాధి అంటున్నాం.

లండన్‌లో పరిశోధకులు ట్వార్ట్, ఇంగ్రామ్ 1910 తర్వాత ఈ క్రిమిని ప్రయోగశాలలో పెంచగలిగారు. వేరే జాతి క్రిముల సారం కలిపితేగాని అది పెరగలేదు. ఇనుమును పట్టుకునే పదార్థాన్ని సొంతంగా చేసుకోలేకపోవడమే కారణమని తర్వాత తెలిసింది.

ఈ రోగానికి అసలు బలం ఆలస్యం. దూడగా ఉన్నప్పుడు సోకితే, లక్షణాలు బయటపడేది రెండు నుంచి ఐదేళ్లకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. ఈలోగా పేడలో క్రిములు పడుతూనే ఉంటాయి. ఆ ఆలస్యానికి ఐస్‌లాండ్ చెల్లించిన మూల్యం తలచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. పెంపకం కోసం 1933లో జర్మనీ నుంచి 20 కారకుల్ గొర్రెలను తెచ్చారు. కొన్ని వారాలు విడిగా ఉంచారు. చూడటానికి నిక్షేపంగా ఉన్నాయి. రైతులకు పంచారు. వాటితోపాటే ఈ రోగం, ఊపిరితిత్తుల జబ్బులు దేశంలో అడుగుపెట్టాయి. ఏళ్ల తరబడి దాగి ఉండే రోగాన్ని వారాల కాపలా ఎలా పట్టుకుంటుంది? కంచెలు కట్టారు, మందలకు మందలే చంపారు. చివరికి అక్కడి శాస్త్రవేత్త బ్యోర్న్ సిగుర్డ్‌సన్ చంపిన క్రిములను ఖనిజ నూనెలో కలిపి టీకా చేశాడు. మరణాలు బాగా తగ్గాయి. 1966లో ప్రభుత్వం రోగమున్న ప్రాంతాల్లో దాన్ని తప్పనిసరి చేసింది. సోకడం మాత్రం పూర్తిగా ఆగలేదు.

ఆవుల్లో టీకాకు ఇంకో చిక్కు: క్షయ పరీక్ష ఫలితం తారుమారవుతుంది. అయినా మన దేశంలో మథుర దగ్గరి మఖ్దూమ్ మేకల పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు జమునాపారి మేక నుంచి వేరుచేసిన దేశీ క్రిమితో టీకా తయారుచేశారు. ఇది మనకు అవసరమైన పని, ఎందుకంటే ఆవుల వధపై ఆంక్షలున్నచోట పరీక్షించి తొలగించే పద్ధతి సాగదు.

ఇక మిగిలేది దూడను కాపాడుకోవడమే. పుట్టగానే దాన్ని శుభ్రమైన చోటికి మార్చి, రోగం లేని తల్లి ముర్రుపాలు పట్టాలి. పెద్ద పశువుల పేడ తగిలిన గడ్డిగానీ నీళ్లుగానీ దాని నోటికి అందనీయకూడదు.