కొవ్వలి నుండి కోడంబాకానికి

కీసర దగ్గర మున్నేటి వంతెన దాటి సుమారు నలభై కిలోమీటర్లు పోతే బెజవాడ. అక్కడ రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి మద్రాసు. 1899లో బెజవాడ-మద్రాసు రైలుమార్గం పూర్తయిన నాటినుండి, మా నందిగామ మెట్ట మొదలుకొని అటు గోదావరి జిల్లాల దాకా, ఆటపాటలతో బతకదలచినవారికి ఇదే రాజమార్గం.

ఆ దారిన వెళ్ళిన మగవారి చరిత్ర మనకు బాగానే తెలుసు. కూచిపూడికి చెందిన పసుమర్తి కృష్ణమూర్తిగారు మల్లీశ్వరి (1951), మాయాబజార్ (1957) చిత్రాలకు నృత్యాలు కూర్చారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులోనే కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి, మాస్టారుగా పూజలందుకున్నారు. అదే రైల్లో వెళ్ళిన ఆడవారి సంగతి రాయవలసి వచ్చేసరికి మాత్రం మన కలాలు తడబడతాయి. రాసినా ఒక విశేషణం తగిలించి ఊరుకుంటాయి.

ఈ తడబాటు పాతదే. కందుకూరి వీరేశలింగం భోగంమేళాలను తీవ్రంగా ఖండించారు. 1893లో మద్రాసులోని హిందూ సంఘ సంస్కర్తలు, అధికారులు మేళాలున్న విందులకు వెళ్ళరాదని వైస్రాయికి, గవర్నరుకు విన్నపం పంపారు. వారు ఒప్పుకోలేదు. ముత్తులక్ష్మీరెడ్డిగారి కృషి ఫలించి 1947లో దేవదాసీల సమర్పణను నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1956లో ఆంధ్ర రాష్ట్రం దానిని సవరించి పెళ్ళిళ్ళలో మేళాలను సైతం నిషేధించింది. పసిపిల్లలను గుడికి ముడిపెట్టే ఆచారం పోవలసిందే, అందులో నాకు సందేహం లేదు. అయితే ఆ పాత వ్యవస్థలో ఆడబిడ్డకు ఆస్తి ఉండేది, ఇంట్లో విద్య ఉండేది, బేరమాడడం తెలిసిన ఒక పెద్దమ్మో అమ్మమ్మో వెంట ఉండేది. చట్టం వీటికి బదులుగా ఏమీ ఇవ్వలేదు. 1936లో కళాక్షేత్రం వెలిశాక అదే నాట్యం పెద్దింటి పిల్లలకు గౌరవప్రదమైన విద్య అయింది.

మగవాడి వినోదపు గిరాకీ మాత్రం ఎక్కడికీ పోలేదు, పెళ్ళిపందిరి విడిచి సినిమాకు తరలింది. 1970లలో జ్యోతిలక్ష్మి, ఆమె చెల్లెలు జయమాలిని పేర్లు గోడపత్రికల మీద కథానాయకుడి పేరుతో సమానంగా టికెట్లు అమ్మేవి. ఊళ్ళలో తిరునాళ్ళ రికార్డింగ్ డాన్సులన్నీ ఆ పాటలవే. అయినా సినిమాలో ఆ పాట కథకు బయటిది. దొంగలముఠా స్థావరంలోనో, క్లబ్బులోనో అయిదు నిమిషాలు ఆడి, ఆ నర్తకి కథలోనుంచి మాయమైపోయేది. కాల్షీటు లెక్కన పని, మరొకరి గొంతు, మరొకరు నిర్ణయించిన దుస్తులు.

ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి ఈ లోకంలోకి వచ్చింది. నాలుగో తరగతితో చదువు ఆగింది. చిన్ననాడే పెళ్ళి చేశారు, ఆ కాపురం నిలువలేదు. మద్రాసు చేరి మొదట చేసిన పని మరొక నటికి మొహాన రంగు సరిదిద్దడం. కలావంతుల ఇంటి పిల్లకుండే శిక్షణ గాని, తోడు గాని ఆమెకు లేవు. తమిళం కూడా పరాయిదే. వినుచక్రవర్తి అవకాశమిచ్చారు, ఆయన భార్య ఇంగ్లీషు నేర్పి, నాట్యం నేర్పించారు. 1980లో వచ్చిన తమిళచిత్రం వండిచక్కరంలో ఆమెది సారా దుకాణంలో పనిచేసే పాత్ర. ఆ పాత్ర పేరు సిల్క్. సినిమా ఆడింది, పాత్ర పేరు ఆమెకే అంటుకుపోయింది. సావిత్రి ఏ వేషం వేసినా సావిత్రిగానే ఉన్నది. ఈమెకు మాత్రం మొదటి విజయమే ఇంటిపేరయింది.

తరువాతి సంవత్సరమే, 1981లో, సీతాకోకచిలుకలో ఆమె శరత్‌బాబు భార్యగా నటించింది. నాట్యం లేదు, తళుకుబట్టలు లేవు. భర్త కాఠిన్యానికి లోలోపల కుమిలిపోయే ఇల్లాలు. మళ్ళీ చూడండి, ఆ కళ్ళకు మాటలతో పని లేదని తెలుస్తుంది. అటువంటి వేషాలు ఆమెకు చాలినన్ని రాలేదు. 1982లో మూండ్రాంపిరై (మన వసంతకోకిల) వచ్చాక పాటలే వరుస కట్టాయి. ఆమె పాట చేరిస్తేనే కొన్న పంపిణీదారులున్నారని పరిశ్రమలో చెప్పుకునేవారు. బేరం ఆమె పేరిట, లాభం ఇతరులది.

చివరికి తానే నిర్మాతగా మారి నష్టపోయింది. 1996 సెప్టెంబరు 23న మద్రాసులోని తన ఇంట మరణించి కనిపించింది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్ళు. ఆమె జీవితచ్ఛాయలతో 2011లో వచ్చిన డర్టీ పిక్చర్ అనే హిందీ చిత్రానికి విద్యాబాలన్ జాతీయ ఉత్తమనటి పురస్కారం అందుకున్నారు. ఆ చిత్రంలోనూ కథానాయిక పేరు సిల్కే. కొవ్వలి విజయలక్ష్మి పేరు అందులో లేదు.